పెద్ద మసీదులో మంచుగుంట

స్తంభం పగుల్లో తెల్లగా మెరుస్తున్న జిగురు చూడగానే వాహిత్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

అది అలాంటిలాంటి స్తంభం కాదు. సెదిర్లీ ఊరి పెద్ద మసీదును ఏడువందల ఏళ్లుగా మోస్తున్న ముప్పై ఎనిమిది దేవదారు స్తంభాల్లో ఒకటి. మసీదు నడిమధ్య మనిషిలోతు మంచుగుంట ఉంది. ఆ గుంటను ఆనుకుని నిలబడింది ఇది. కొన్నాళ్లుగా దానికి నిలువునా పగులు పడుతోంది. ఆ పగుల్లోకి ఎవరో మహానుభావుడు స్నానాలగది పలకలు అతికించే సిలికాన్ గొట్టం ఒకటి పూర్తిగా పిండేసి, వేలితో నున్నగా సర్ది మరీ పోయాడు.

"ఎవరయ్యా ఈ పని చేసింది?" అని అరిచాడు వాహిత్.

గోడవార కుర్చీల్లో కూర్చున్న ముగ్గురు ముసలాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెప్పాల్సిన అవసరం వాళ్లకు రాలేదు. చేసినవాడే తలుపు దగ్గర బూట్లు విప్పి, చేతులు రుద్దుకుంటూ లోపలికొచ్చాడు. రిఫ్కీ. బజారులో కరెంటు సామాన్ల దుకాణం అతనిది. మసీదు సంఘానికి అధ్యక్షుడు కూడా.

"చూశావా వాహితన్నా? అచ్చు కొత్తదానిలా ఉంది కదూ! ఇంకో గొట్టం మిగిలింది. ఇంకెక్కడైనా బీటలుంటే చెప్పు."

"నీ తలకాయలో ఉంది బీట. దాంట్లో పిండుకో!"

"అదేం మాటన్నా? మంచికి పోతే..."

"ఎవరు పొమ్మన్నారు నిన్ను మంచికి? ఎన్నిసార్లు చెప్పాను? దేన్నీ ముట్టుకోవద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?"

నిజమే, చెప్పాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా చెబుతూనే ఉన్నాడు. ఆ మసీదు తలుపులు తీసేదీ, మూసేదీ, తివాచీలు దులిపేదీ, పావురాలను తోలేదీ అతనే. స్తంభాలకు మేకులు కొట్టొద్దు, దూలాల రంగులు తడిగుడ్డతో తుడవొద్దు, నమాజు దిక్కు చూపే మిహ్రాబు గూటి పలకలకు ఫోన్లు ఆనించొద్దు. తెల్లవారి లేస్తే ఇదే గొడవ. ఊరివాళ్లు అలాగేనని తలూపేవారు. మర్నాటికి ఏదో ఒక స్తంభానికి కొత్త మేకు, దానికో గోడగడియారం వేలాడుతుండేవి.

ఆ గడియారాల సంగతి తలచుకుంటేనే అతనికి తలనొప్పి. ఊళ్లో ఎవరు పోయినా వాళ్ల పేరుమీద పెద్ద మసీదుకు ఏదో ఒకటి ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. వెనకటివాళ్లు ఇంట్లో ఆడవాళ్లు నేసిన తివాచీలిచ్చేవారు. ఇప్పుడు నేసేవాళ్లు లేరు, గడియారాలిస్తున్నారు. పదకొండు గడియారాలున్నాయి లోపల. ఏ రెంటికీ పొత్తు కుదరదు. నమాజు వేళకు పదకొండూ పదకొండు రకాలుగా చెబితే, చివరికి అందరూ ఇమాంగారి చేతిగడియారం వైపే చూసేవారు.

రిఫ్కీ నాన్న పోయి నాలుగేళ్లయింది. కొడుకు గడియారంతో సరిపెట్టుకునే మనిషి కాదు. తివాచీ కింద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వేడి తీగల పరుపు వేయించాడు. మీట నొక్కితే పావుగంటలో అరికాళ్లు కాలుతాయి. చలికాలంలో గడ్డకట్టుకుపోయే ఆ ఊళ్లో ముసలాళ్లందరూ రిఫ్కీ నాన్నకు స్వర్గంలో పెద్ద మేడ ఖాయమన్నారు. ఇంట్లో పొయ్యి మానేసి పగలంతా మసీదులోనే పడుకునేవాళ్లు కూడా తయారయ్యారు. సరిగ్గా ఆ నాలుగేళ్లలోనే, వేలి గోరు దూరని పగుల్లో వేలు దూరడం మొదలైంది.

అక్టోబరులో పాత కట్టడాల కాపుదల ఆఫీసు నుంచి బెర్రిన్ అనే ఇంజనీరమ్మ వచ్చింది. సన్నగా, పొట్టిగా ఉంటుంది. మాట మాత్రం గట్టిది. పగుల్లోని జిగురంతా రెండు గంటలు కూర్చుని చిన్న ఉలితో తీసింది. పగులుకు అటూ ఇటూ రెండు ఇత్తడి పిన్నులు గుచ్చి, మధ్య దూరం కొలిచి, వాహిత్‌కి చూపించింది. పద్నాలుగు మిల్లీమీటర్లు.

"కొయ్య ఎండిపోతోంది బాబాయ్. ఈ మంచుగుంట అందం కోసం తవ్వింది కాదు. వెనకటి రోజుల్లో పైన మట్టి కప్పు ఉండేది, దాని నడుమ గుంటకు సరిగ్గా మీద ఆకాశం కనబడే కంత. కప్పుమీద పడ్డ మంచంతా ఆ కంతలోంచి కిందకు తోసేవాళ్లు. అది ఎండాకాలం దాకా మెల్లగా కరుగుతూ ఉంటే ఆ చెమ్మ స్తంభాలు తాగేవి. మీవాళ్లు కంతకు అద్దం బిగించి అరవయ్యేళ్లయింది. అప్పటినుంచీ ఇవి దాహంతో ఉన్నాయి. ఇప్పుడు కింద పొయ్యి కూడా పెట్టారు."

"పొయ్యి పెట్టింది నేను కాదమ్మా."

"ఎవరైతేనేం? ఈ శీతాకాలం ఆ తీగలకు కరెంటు ఆపండి. అద్దం తీయించడానికి అనుమతి నేను తెస్తాను. గుంటలో మంచు నింపండి. ఏప్రిల్లో వచ్చి కొలుస్తాను. పగులు ఆగితే సరే. పెరిగితే మాత్రం మసీదు మూసేయక తప్పదు. స్తంభాలకు ఇనప పట్టీలు, లోపలంతా పరంజా. నాలుగేళ్లంటారు."

నాలుగేళ్లు అనగానే వాహిత్ నవ్వలేక నవ్వాడు. పక్క ఊళ్లో మసీదును రెండేళ్లని చెప్పి మూశారు. తొమ్మిదో ఏడు నడుస్తోంది, పరంజా మీద పిచ్చిమొక్కలు మొలిచాయి. వచ్చే జులైలో వాహిత్ పని నుంచి దిగిపోవాలి. ఏడువందల ఏళ్లలో యుద్ధానికీ భూకంపానికీ మూతపడని తలుపులు తన చేత్తో మూసి, తాళంచెవి ఆఫీసువాళ్లకిచ్చి ఇంటికి పోవడమా? ఆ ఒక్కటీ తనవల్ల కాదు. రాత్రి అన్నాల దగ్గర భార్య మక్బూలేతో అదే అన్నాడు.

"నా హయాంలో మూతపడితే నేను బతికున్నా చచ్చినట్టేనే."

"ముందు సూప్ తాగు, చల్లారిపోతోంది. మూతపడకుండా చూసుకో మరి. అందరి మీదా అరవడమేనా?"

కరెంటు ఆపడం అంత తేలికైన పని కాలేదు. వాహిత్ మీట ఆపి ఇలా తిరగగానే ఎవరో అలా వేసేవారు. అడిగితే ఎవరికీ తెలియదు. "దానంతట అదే వెలిగిందేమో వాహితన్నా, కొత్తరకం కదా" అన్నాడు ఒక పెద్దమనిషి, కళ్లలోకి చూస్తూ. చివరికి మీటల పెట్టెకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు వాహిత్. ఆ రోజునుంచి ఊళ్లో అతనికి శత్రువులు పెరిగారు. ముసలాళ్లు మూడేసి జతల ఉన్ని మేజోళ్లు తొడుక్కొచ్చి, అతనికి వినబడేలా దగ్గేవారు. ఒకాయన వేడినీళ్ల సంచీ కోటు లోపల పెట్టుకొచ్చాడు. అది సజ్దాలో నుదురు నేలకు ఆనించేటప్పుడు జారి, మూత ఊడి, ముందు వరసంతా తడిసింది. అది కూడా వాహిత్ తప్పే అన్నారు.

రిఫ్కీ అయితే వారంరోజులు మాట్లాడలేదు. తర్వాత ఒక రోజు మధ్యాహ్నపు నమాజయ్యాక ఇమాం తయ్యార్ ఎదుటే నిలదీశాడు.

"మా నాన్న పేరున ఇచ్చింది అది. ఆ స్తంభానికి ఆనుకునే నలభై ఏళ్లు కూర్చున్నాడాయన. అందరి గడియారాలూ ఆడుతున్నాయి, మా నాన్నదొక్కటే ఆపేశావు. ఇది న్యాయమేనా ఇమాంగారూ?"

ఇమాంగారు కుర్రవాడు, మెతక. "ఆయన బాధా నిజమే, వాహిత్‌గారి మాటా నిజమే" అన్నాడు.

"రెండూ నిజమెలా అవుతాయండీ?" అని ఇద్దరూ ఒక్కసారే ఆయన మీద పడ్డారు. ఆయన వజూకు కాళ్లూ చేతులూ కడుక్కోవడం గుర్తొచ్చినట్టు వాకిట్లోకి వెళ్లిపోయాడు.

నవంబరు చివర అనుమతి వచ్చింది. ఇద్దరు పనివాళ్లు ఎక్కి కంత మీది అద్దం తీశారు. ఆకాశం ముక్క ఒకటి మసీదులోకి దిగింది. ఇక మంచు పడటమే తరువాయి. అది మాత్రం పడలేదు.

డిసెంబరంతా ఎండ కాసింది. కొండలు బోడిగా నిలబడ్డాయి, సరస్సు గడ్డకట్టలేదు. జనవరిలో నాలుగు వానలు కురిశాయి. కంతలోంచి చలిగాలి, పావురాల రెట్ట తప్ప గుంటలోకి ఏమీ రాలేదు. దారిన పోయే ప్రతివాడూ వాహిత్‌నే ఆపి అడిగేవాడు, "ఏం వాహితన్నా, మంచెప్పుడు?" అని. అతనేదో పెట్టెలో దాచిపెట్టి బయటికి తీయనట్టు! హీటరు లేదు, మంచూ లేదు, మసీదు నడుమ ఒక బొక్క మాత్రం ఉందని బజారంతా నవ్వుకుంది. వాహిత్ ఆ నెలలో ఇంటికొచ్చి తిట్టని రోజు లేదు. మొదట ఊరివాళ్లను, తర్వాత ఆకాశాన్ని, మిగిలిన ఓపికతో పిల్లిని తిట్టేవాడు.

ఫిబ్రవరి రెండోవారంలో పడింది. పడటమంటే అలా ఇలా కాదు, మూడురోజులు ఆగకుండా పడింది. వాహిత్ పార భుజాన వేసుకుని కప్పెక్కబోయాడు. ఇప్పుడు అక్కడ మట్టి లేదు, వాలుగా బిగించిన రాగిరేకు ఉంది. దానిమీద పడ్డ మంచు పడ్డట్టే జారి వాకిట్లో కూలింది. వాకిట్లోదంతా తోపుడుబండి మీద ఒక్కడే లోపలికి తోశాడు. మోకాళ్లు పట్టేసే దాకా తోసినా గుంటలో మోకాలిలోతు రాలేదు.

"నలుగుర్ని పిలవచ్చుగా" అంది మక్బూలే, మోకాళ్లకు కాపడం పెడుతూ.

"పిలిస్తే? ఒకడు స్తంభానికి పార ఆనిస్తాడు, ఇంకొకడు బూట్లతో తివాచీ ఎక్కుతాడు. వాళ్లతో వేగేకంటే నేను చావడం మేలు."

మర్నాడు మక్బూలే కంటి పరీక్షకు కొన్యా పట్నం వెళ్లాలి. నాలుగు నెలల కింద రాయించుకున్న తేదీ. వాహిత్ కూడా తోడు వెళ్లక తప్పలేదు. వెళ్తూ వెళ్తూ తాళాలు ఇమాంగారికిచ్చి, "ఎవరినీ దేన్నీ ముట్టుకోనివ్వకండి" అని మూడుసార్లు చెప్పాడు. ఇమాంగారు మూడుసార్లూ తలూపాడు.

మధ్యాహ్నం మూడింటికి వాళ్ల మినీబస్సు ఊళ్లోకి వచ్చేసరికి బజారంతా ఖాళీగా ఉంది. చాయ్ దుకాణంలో కూడా ఎవరూ లేరు.  మసీదు వాకిట్లో చూస్తే నూటయాభై జతల బూట్లు! మంచు ఎత్తే మునిసిపాలిటీవాళ్ల పెద్ద పార బండి ఒకటి గేటు దగ్గర ఆగి ఉంది. లోపల అడుగుపెట్టగానే చప్పట్లు మోగాయి.

ఊరంతా అక్కడే ఉంది. ఎర్రబడ్డ ముక్కులు, తడిసిన మేజోళ్లు, చేతుల్లో బకెట్లు. ఆడవాళ్లు హల్వా చేసి తెచ్చారు. మంచుగుంట అంచులదాకా నిండి, నడుమ గోపురంలా పోగుపడి ఉంది. రిఫ్కీ దాని పక్కన నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"చూడు వాహితన్నా! పొద్దున మైకులో పిలిచాను. ఒక్కడు ఇంట్లో ఉంటే ఒట్టు. నీ వాకిట్లో మంచు ఏ మూలకు? చౌరస్తాలో మునిసిపాలిటీవాళ్లు కొండలా పోసింది మొత్తం తోలించాను. ఎనిమిది బండ్లు! తివాచీ మీద ప్లాస్టిక్ కూడా పరిచాం. స్తంభాన్ని ఎవరూ ముట్టుకోలేదు, అడుగు కావాలంటే."

  వాహిత్ ఆ మంచు రంగు చూశాడు. బూడిదరంగు. వంగి ఇంత తీసి నోట్లో వేసుకున్నాడు. వెంటనే ఉమ్మేశాడు.

"ఉప్పు" అన్నాడు. అతని గొంతు కీచుగా వచ్చింది. "రోడ్డుమీద జారకుండా ఉప్పు చల్లుతారు కదరా! ఉప్పు మంచురా ఇది! మసీదు నడుమ తెచ్చి ఉప్పు పోశారా!"

"మంచంటే మంచే కదన్నా..." అన్నాడు రిఫ్కీ.

"మంచా? వాకిట్లో కొళాయిల కింద రాయి చూశావా, పొరలు పొరలుగా ఊడిపోతోంది? ఉప్పే తింది దాన్ని! ఇదంతా కరిగి ఆ నీళ్లు స్తంభాల కాళ్లకు ఎక్కితే, ఏప్రిల్ దాకా కూడా అక్కర్లేదు, రేపే మూసేయొచ్చు. నా నెత్తిన నిప్పులు పోసినా ఇంత బాధపడేవాణ్ని కాదు. ఏం మనుషులయ్యా మీరు? ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు ఊళ్లో లేకపోతే... ముట్టుకోవద్దని చెప్పానా, లేదా?"

హల్వా గిన్నె పట్టుకున్న ఆవిడ దాన్ని వెనక్కి దాచుకుంది. రిఫ్కీ మొహం మొదట పాలిపోయి, తర్వాత కందగడ్డయింది.

"చెప్పావు" అన్నాడు. "ముట్టుకోవద్దనే చెప్పావు. ముప్పై ఏళ్లుగా అదొక్కటే చెప్పావు. ఎందుకు ముట్టుకోకూడదో ఎప్పుడైనా చెప్పావా? ఉప్పు తగిలితే రాయి పోతుందని నాకు చెప్పావా? కొయ్య నీళ్లు తాగుతుందని ఆ ఇంజనీరమ్మ నీతో చెప్పింది. నువ్వు మాతో చెప్పావా? తాళం వేశావంతే! మా నాన్న పేరున వేసింది ఆపేశావు, కారణం అడిగితే ఆఫీసు ఆర్డరన్నావు. ఇదేమన్నా నీ ఒక్కడి ఇల్లా?"

   నిజమే, ఎవరికీ ఏమీ చెప్పలేదు వాహిత్. చెప్పినా అర్థం కాదనుకున్నాడు. అర్థం చేసుకుంటే మాత్రం తనకొక్కడికే తెలిసింది నలుగురికీ పంచినట్టవుతుందని లోపల ఎక్కడో ఉండేదేమో, ఇప్పుడు ఒళ్లంతా సిగ్గేసింది. సిగ్గువల్ల కోపం ఇంకా పెరిగింది. ఆ కోపం ఎవరిమీద చూపాలో తెలియక తోపుడుబండి పట్టుకుని గుంట దగ్గరికి నడిచాడు.

"తర్వాత తిట్టుకుందాం. కరగకముందు తీయాలి."

రిఫ్కీ కోటు విప్పి, ప్యాంటు మడిచి, బకెట్ తీసుకుని అందరికంటే ముందు తనే గుంటలోకి దిగాడు.

నింపడానికి ఆరుగంటలు పట్టింది. తీయడానికి రెండు గంటలు చాలలేదు, కానీ అంత వేగంగా పని జరగడం ఆ ఊళ్లో ఎవరూ చూసి ఎరగరు. గుంట నుంచి గేటుదాకా రెండు వరసలు కట్టారు. ఒక వరసలో నిండు బకెట్లు పోతుంటే, ఇంకో వరసలో ఖాళీవి వచ్చాయి. సాయంకాలపు నమాజు వేళయితే సగంమంది చదువుతుంటే సగంమంది మోశారు, తర్వాత చోట్లు మారారు. అడుగుకు పోయేకొద్దీ మంచు కంటే బురద ఎక్కువైంది. రిఫ్కీ మోకాళ్లమీద కూర్చుని చేతులతో ఎత్తి పోస్తున్నాడు. ఉన్నట్టుండి కేకేశాడు.

"అన్నా, ఇక్కడో తూముంది!"

గుంట అడుగున రెండు రాళ్ల మధ్య నాలుగు వేళ్ల వెడల్పు సందు. స్తంభాల వరస కిందకు పోతోంది. ఏళ్లతరబడి పేరుకున్న మట్టి, పావురాల ఈకలు, ఎవరివో తస్బీ జపమాల పూసలు అన్నీ దాంట్లో కూరుకుపోయి ఉన్నాయి. వాహిత్ పైనుంచి వంగి చూశాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ గుంటలో పడినవన్నీ కొక్కెం కర్రతో పైకి లాగడమే గానీ, ఒక్కనాడూ అతను కిందకు దిగలేదు. రిఫ్కీ చొక్కా చెయ్యి భుజందాకా మడిచి, తూములోకి పెట్టి, గోళ్లతో గీరి గీరి శుభ్రం చేశాడు. మంచినీళ్లు నాలుగు బిందెలు పోసి కడిగితే, ఆ నీళ్లు గుటకలేస్తున్నట్టు చప్పుడు చేస్తూ స్తంభాల కిందకు వెళ్లాయి.

గుంట ఖాళీ అయింది. అందరూ ఖాళీ బకెట్లతో నిలబడ్డారు. ఊళ్లో ప్రతి వీధికీ, ప్రతి గడపకీ ఉప్పు చల్లేశారు. కొండకు పోయే దారి మూసుకుపోయి ఉంది. ఇప్పుడు మంచి మంచు ఎక్కడ దొరుకుతుంది? వాహిత్ దిక్కులు చూశాడు. మక్బూలే కంటికి వేసిన పట్టీ సర్దుకుంటూ, తలుపు దగ్గరనుంచి అంది.

"గోరీల మీద ఎవరు చల్లుతారయ్యా ఉప్పు?"

శ్మశానం మసీదు వెనక వాలులోనే ఉంది. మూడురోజుల మంచు అక్కడ నడుములోతు, అడుగుజాడ లేకుండా తెల్లగా పడి ఉంది. అయినా ఎవరూ కదల్లేదు. పోయినవాళ్ల మీది మంచు ఎత్తుకురావచ్చునా అని ఇమాంగారివైపు చూశారు. ఇమాంగారు కూడా మోకాళ్లదాకా తడిసి ఉన్నాడు. ఆయన జీవితంలో మొదటిసారి ఒక్క మాటే చెప్పాడు.

"తెండి."

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టారు. ఎవరికీ ఏ వరసా చెప్పలేదు. ఎవరికివారే తమవాళ్ల గోరీ దగ్గరికి వెళ్లి, చేతులు చాచి నాలుగు మాటలు లోపల చదువుకుని, పార ఎత్తారు. వాహిత్ తన అమ్మ గోరీ మీది మంచు తీసి తోపుడుబండి నింపి తిరిగేసరికి, పక్క వరసలో రిఫ్కీ పార పక్కన పడేసి, వట్టి చేతులతో తీస్తున్నాడు. పలక మీద తండ్రి పేరు బయటపడింది. రిఫ్కీ ముక్కు ఎగబీల్చాడు. చలికేనని వాహిత్ అనుకోదలిచాడు గానీ, అనుకోలేకపోయాడు.

"రిఫ్కీ, నిన్న నేనన్నది..."

"బకెట్ పట్టుకో అన్నా. మాటలు తర్వాత."

వాహిత్ పట్టుకున్నాడు.

ఏప్రిల్ ఇరవై రెండున బెర్రిన్ వచ్చింది. గుంటలో ఇంకా తొడలోతు మంచుంది. మసీదులో వానకు తడిసిన అడవి వాసన వేస్తోంది. ఆమె కొలిచి, పుస్తకంలో రాసుకుని, మళ్లీ కొలిచింది. ఊరంతా చుట్టూ మూగి చూస్తోంది.

"పద్నాలుగు" అంది. "కదల్లేదు."

వాహిత్ కూలబడ్డాడు. ఎవరైనా చూస్తారని కూడా అనుకోకుండా మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు.

"అప్పుడే అయిపోలేదు బాబాయ్" అంది బెర్రిన్ మెల్లగా. "ఈ ఏడు మూయరు. కానీ ఏటా ఇలాగే చేయాలి. జులైలో మీరు దిగిపోతున్నారట కదా. వచ్చే చలికాలం ఎవరు చూస్తారు? ఇదంతా తెలిసినవాళ్లు ఇంకెవరున్నారు?"

ఆ శుక్రవారం నమాజయ్యాక వాహిత్ గుంట అంచున నిలబడి అందర్నీ కూర్చోమన్నాడు.  ముప్పై ఒక్క ఏళ్లలో ఆ మసీదులో అతను అరిచాడే తప్ప మాట్లాడింది లేదు. దేవదారు మానుల్ని కొట్టి ఏడాదిపాటు సరస్సులో నానేసిన దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. కొయ్య ఎందుకు తాగుతుందో, వేడి ఎందుకు కూడదో, కంతకు అద్దం ఎప్పుడు తీయాలో, ఎప్పుడు బిగించాలో, మంచు ఎక్కడిది తేవాలో, ఎక్కడిది తేకూడదో చెప్పాడు. రెండు వాక్యాలకొకసారి ఎవరో అడ్డొచ్చేవారు. "మా తాత వేరేలా చెప్పేవాడే" అని ఒకాయన. "మేజోళ్లు సంఘం ఇస్తుందా" అని ఇంకొకాయన. ప్రాణం విసిగిపోయింది. అయినా పళ్లు బిగించి, తాళంచెవిని గుప్పిట్లో నలుపుతూ, ప్రతివాడికీ జవాబు చెప్పాడు. ఎలాగో చివరికి వచ్చాడు.

"అంతే. గుంట నిండేదాకా మంచు పోయడమే. అర్థమైందా?"

"కాలేదు" అన్నాడు రిఫ్కీ, స్తంభం పక్కనుంచి లేచి.

వాహిత్‌కి మళ్లీ అరవాలనిపించింది. "ఏం కాలేదయ్యా నీకు? ఇంతసేపూ గొంతు చించుకున్నాను కదా!"

"తూము సంగతి చెప్పలేదు నువ్వు. ముందు కిందకు దిగి దాన్ని శుభ్రం చేసుకోకపోతే ఎంత మంచు పోసినా నీళ్లు అక్కడే నిలిచిపోతాయి. చెయ్యి ఎటు తిప్పి పెట్టాలో కూడా చెప్పాలి. ఎడమవైపు తిప్పితే పోదు, నాకు తెలుసు."

 వాహిత్ నోటిదాకా వచ్చిన తిట్టు మింగాడు. ఎడమవైపు తిప్పితే పోదని అతనికి తెలియదు. అక్కడున్నవాళ్లలో ఒక్క రిఫ్కీకే తెలుసు.

వాహిత్ పక్కకు జరిగి, గుంట అంచున చోటిచ్చాడు.

"రా. నువ్వు చెప్పు."